ఖాళీ ఉన్న చోటు

మదనపల్లె చుట్టుపక్కల టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంటు ఎక్కడ జరిగినా ఇమ్మానుయేలుకు పిలుపు వస్తుంది. పుంగనూరు జట్టుకు కీపర్ రాకపోతే అతనే కీపర్. అంగళ్లు జట్టులో ఓపెనర్ పెళ్లికి పోతే అతనే ఓపెనర్. "టమోటా లాంటోడప్పా, ఏ కూరలోకైనా పనికొస్తాడు" అని కెప్టెన్లు మెచ్చుకుంటారు. వేసుకున్న జెర్సీ వీపు మీద ఎప్పుడూ ఆ పూట రానివాడి పేరే ఉంటుంది. జనం ఆ పేరు చూసి "జేసనూ, కొట్టప్పా" అని అరిస్తే పాపం కొడతాడు కూడా. గెలిచినవాళ్లు బిర్యానీకి పోయే వేళకు, ఇచ్చిన కూలి జేబులో వేసుకుని, బస్టాండులో ఒక్కడే మోకాలికి బామ్ రుద్దుకుంటూ ఉంటాడు. ఇది ఇమ్మానుయేలు చోటు అని ఎవరైనా ఒక్కసారి అంటే చాలని అతని ఆశ.

నలభై దగ్గరపడి, మోకాలు మొరాయించి, ఇక ఆడనన్నాడు. కుప్పంలో ఆఖరి మ్యాచ్ రోజు కెప్టెన్ ధనుష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఈ పొద్దు నీ ఇష్టం. యాడ నిలబడాలనుంటే ఆడ నిలబడు. ఆ చోటు నీదే."

ఇమ్మానుయేలు మొహం వెలిగింది. మైదానం మధ్యకు నడిచి నాలుగు దిక్కులా చూశాడు. స్లిప్ వైపు రెండడుగులు వేసి ఆగాడు. బౌండరీ వైపు తిరిగి మళ్లీ ఆగాడు. అంపైరు దగ్గాడు.

"యాలన్నా నిలబడిపోతివి? ఎండకు తల తిరుగుతాండాదా?" అన్నాడు ధనుష్.

"లేదప్పా," అన్నాడు ఇమ్మానుయేలు సిగ్గుపడుతూ. "ముందు మీరంతా నిలబడండి. ఖాళీ యాడుండాదో సూసుకుని నేను పోతాను."