ఎవరి వంతులో చెడితే వాళ్ళే

మా నాన్నకీ పెదనాన్నకీ ఆస్తి పంచినరోజున పెద్దమనుషులకి అన్నీ సులువుగానే తెగాయి, ట్రాక్టరు ఒక్కటి తప్ప. కాలవ కింద మాగాణి పెదనాన్నకి, ఎగువన వానకి చూసే నల్లరేగడి మాకు వచ్చాయి. ఆ పంపకం చూస్తేనే పెద్దమనుషులు ఎవరింట్లో భోంచేశారో తెలిసిపోతుంది. ట్రాక్టరును నరికి పంచలేరు కదా. అమ్మి తలాకాస్త తీసుకోమంటే అన్నదమ్ములిద్దరూ ఒప్పుకోలేదు. చివరికి నెలకొకరి వంతు అన్నారు. అమావాస్యనాడు మా వైపు అరక కట్టరు, బండికి ఎలాగూ పని ఉండదు కాబట్టి ఆ రోజే చేతులు మారాలన్నారు. దానికొక షరతు కూడా తగిలించారు. ఎవరి వంతులో చెడితే వాళ్ళే బాగుచేయించుకోవాలి.

వినడానికి ధర్మంగానే ఉంటుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజు నుంచి ఆ ట్రాక్టరుకి తోలేవాళ్ళు ఇద్దరు, చూసుకునేవాళ్ళు సున్నా. ఏదన్నా చప్పుడు మొదలైతే దాన్ని ఎలాగోలా అమావాస్య దాటించి అవతలివాడి నెత్తిన పెట్టడమే ఇద్దరి పనీ. మా నాన్నేం తక్కువ తినలేదు. డీజిల్ ట్యాంకు కారుతుంటే సబ్బు మెత్తి, తుడిచి, మెరిపించి అప్పగించాడు ఒకసారి. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మా నాన్నా ఎంత నవ్వారో నాకు గుర్తుంది. పెదనాన్న మాత్రం మర్చిపోతాడా, మరుసటి నెల చచ్చిన బ్యాటరీ మాకిచ్చాడు.

అప్పగింతకి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయాలి. ఇద్దరూ బండికి అటొకరు ఇటొకరు నిలబడి పొగగొట్టం వంక చూడాలి. పొగ లేకపోతే, లోపల టకటకలు వినపడకపోతే, బండి బాగున్నట్టు. తీసుకునేవాడు ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించుకుని పోవాలి. నిమ్మకాయ చితికాక ఇక మాట లేదు. లోపల ఏముందో దేవుడికి తెలియాలి, మనుషులకి మాత్రం పొగే లెక్క.

పెదనాన్నకి ట్రాక్టరు లేకపోయినా గడుస్తుంది. మాకు అలా కాదు. మా మెట్టలో పత్తి పండినా పండకపోయినా, నాన్న తన వంతులో ఊరి వాళ్ళ పొలాలు దున్ని, కల్లాల్లోంచి మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, గుంటూరు యార్డుకి తోలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ సగం ట్రాక్టరు ఉన్నంతకాలం మా నాన్న ట్రాక్టరున్న రైతు. అది పోతే ఒకరి బండి మీద జీతగాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరికంటే బాగా పెదనాన్నకి తెలుసు.

మిరపకోతలు మొదలైన కొత్తలో, పెదనాన్న వంతులో, ఇంజను బోరుకొచ్చింది, అంటే లోపల అరిగిపోయింది. నీలంపొగ, పొద్దున్నే ఎంతకీ స్టార్టు కాకపోవడం, తాగుబోతు తాగినట్టు ఆయిలు తాగడం. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. వంతు ఇంకా సగం మిగిలి ఉంది కాబట్టి దాచిపెట్టే వీలు లేక షెడ్డుకి తోలాడు.

నేనప్పుడు సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. షెడ్డు మా బస్సు ఆగేచోటే. నాన్న కూడా వచ్చి ఉన్నాడని చూసి దిగి వెళ్ళాను. మేస్త్రి ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచాడు. మా ఊరి బళ్ళన్నీ ఆయనే చూస్తాడు. మంచి పనివాడే గానీ గోడమీద పిల్లి, ఎవరు చెయ్యి తడిపితే వాళ్ళ మాటే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం ఇంకా ఎవరూ తడపలేదు కాబట్టి నిజమే చెప్పాడు.

"లైనర్లు పోయాయన్నా. క్రాంకు చూడండి, గుండ్రం పోయి కోలగా అయింది. హాఫ్ ఇంజను చేస్తే రింగులు, బేరింగులు మార్చి మూత పెట్టేస్తాను, ఎల్లుండికి ఇస్తా. కానీ అరిగిన క్రాంకు మీద కొత్త బేరింగు నిలవదు. ఎప్పుడో ఒకప్పుడు ఇంజను బిగుసుకుని పట్టేస్తది. ఫుల్ ఇంజను చేయించుకోండి. బ్లాకు, క్రాంకు గుంటూరు పంపుదాం. బోరు కొట్టించి, క్రాంకు సాన పట్టించి, అన్నీ కొత్తవి వేస్తే మళ్ళీ మీ పిల్లల కాలం దాకా చూసుకోనక్కర్లేదు."

నాన్న వెంటనే అన్నాడు. "అన్నయ్యా, ఫుల్ చేయిద్దాం. సగం నేను పెట్టుకుంటా. నా వంతు కాకపోయినా సరే."

పెదనాన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆయన కోపంగా ఉన్నప్పుడు భయం వేయదు. అలా నిదానంగా ఉన్నప్పుడే వేస్తుంది.

"నా వంతులో చెడింది. నా ఇష్టం. హాఫ్ చాలు."

"మేస్త్రి చెబుతున్నాడు కదా అన్నయ్యా, నిలవదని."

"నీ వంతు వచ్చాక నువ్వు బంగారంతో చేయించుకోరా. ఎవరొద్దన్నారు?"

నాన్న బతిమాలాడు. మా నాన్న బతిమాలడం నాకు చూడబుద్ధి కాదు. గొంతు సన్నగా అయిపోతుంది, చేతులు వెనక్కి పోతాయి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు, పెదనాన్నకి ఆ బుద్ధి పుట్టుకతోనే ఉంది. మేస్త్రి అటూ ఇటూ చూసి రింగుల డబ్బా విప్పాడు.

అమావాస్య వచ్చింది. పెదనాన్న వాకిట్లో ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు. చప్పుడు లేదు. అసలంత మెత్తగా అది ఎప్పుడూ ఆడలేదు. నాన్న మొహం విప్పారింది. నిమ్మకాయ చితికింది. అన్నదమ్ములిద్దరూ కలిసి టీ తాగారు కూడా.

ఇంటికొచ్చాక మా అమ్మ ఒకటే పోరు. "రేపే విప్పించి ఫుల్ చేయించెయ్యి. నా మాట విను."

"పొగ లేదు కదే," అన్నాడు నాన్న.

"మేస్త్రి చెప్పింది నీ చెవులతో నువ్వే విన్నావుగా నాన్నా," అన్నాను నేను.

అప్పుడు నాన్న చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. అందుకే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కల్లాల్లో మిరపకాయ ఎండి సిద్ధంగా ఉంది. ఏడాది మొత్తానికి బండికి చేతినిండా పని దొరికే నెల అది ఒక్కటే, అదృష్టం కొద్దీ మా వంతులో పడింది. గుంటూరు పంపితే బోరింగు షాపుల్లో వరస పట్టుకుని, సామాను తిరిగొచ్చి, బిగించేసరికి నెల కాస్తా అయిపోతుంది. షెడ్డులో పోయిన వంతును ఎవరూ తిరిగివ్వరు. అమావాస్య రాగానే కొత్త ఇంజను పెదనాన్న వాకిట్లో ఉంటుంది. మా ఖర్చుతో, మా నెల పోగొట్టుకుని, ఆయనకి కొత్త బండి ఇచ్చినట్టవుతుంది.

"ఈ నెల తోలనీ. మళ్ళీ వంతులో పని పలచబడతది. అప్పుడు నేనే ఫుల్ చేయిస్తా," అన్నాడు.

ఆ పద్ధతి కట్టిన పెద్దమనుషుల్ని వరసగా నిలబెట్టి చెప్పుతో కొట్టాలనిపించింది నాకు. ఎవడు బాగుచేయిస్తే వాడు నష్టపోవాలని రాసిపెట్టినట్టుంది ఆ ఏర్పాటు.

బండి కొన్నాళ్ళు తిరిగింది. నాన్న కళ్ళల్లో నిద్ర లేదు, నోట్లో పాట మాత్రం ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం, నాన్న ఊళ్ళో ఒకాయన టిక్కీలు వెనక ట్రక్కు నిండా వేసుకుని గుంటూరు పోతుండగా, రోడ్డు మీదే ఇంజను పట్టేసింది. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలంతా తారురోడ్డు మీద పారింది. టిక్కీల ఆసామి మోటారు సైకిలు మీద వచ్చి, యార్డులో బేరం పోతుందని నాన్నని నోటికొచ్చినట్టు తిట్టి, ఇంకో బండి తెచ్చుకుని సరుకు మార్చుకుపోయాడు. మా నాన్న ఒక్కడే మిగిలాడు రోడ్డు మీద.

మేస్త్రి వచ్చి, కింద పారిన ఆయిలు వేళ్ళ మధ్య రాసి చూశాడు. "ఇది ఇంజనాయిల్ ఒక్కటే కాదన్నా. చిక్కటి గేరాయిలు కలిపారు. కొన్నాళ్ళు చప్పుడూ పొగా అణిగిపోతాయి, అంతే," అన్నాడు. నాన్న కలపలేదు. ఇంకెవరు కలిపారో చెప్పడానికి మేస్త్రి అక్కర్లేదు.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి కూడా పెదనాన్న అరుగు మీదే. నేను అమ్మతోపాటు గుమ్మం పక్కన నిలబడ్డాను.

నాన్న చెప్పాడు, అన్న వంతులోనే ఇంజను పోయిందని, సగం పెట్టుకుంటానన్నా వినకుండా పైపైన అతికించి ఇచ్చాడని, ఆయిల్లో మోసం చేశాడని. మేస్త్రిని పిలిచారు. ఆయన పెదనాన్న వంక ఒకసారి చూసి, "నన్ను ఏం చెయ్యమంటే అది చేశానండి. షెడ్డులోంచి పోయేటప్పుడు బండికి పొగ లేదు," అన్నాడు. రోడ్డు మీద ఆయిలు గురించి అడిగితే, ఎవరు పోశారో తాను చూడలేదన్నాడు. అదీ నిజమే.

పెద్దమనిషి ఒకాయన నాన్నని అడిగాడు. "అమావాస్యనాడు నువ్వే కదా బండి తీసుకుంది?"

"నేనే."

"పొగ ఉందా?"

"లేదండి."

"చప్పుడు ఉందా?"

"లేదండీ, కానీ..."

"కానీ ఏంటయ్యా? ఆయిలు చూసుకోవడం తీసుకునేవాడి పని."

అప్పుడు పెదనాన్న నోరు విప్పాడు. "డీజిలు ట్యాంకుకి సబ్బు మెత్తి ఇచ్చినప్పుడు నేనేమన్నా పంచాయితీ పెట్టానా? నవ్వి ఊరుకున్నా." అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. మా అమ్మ తల దించుకుంది. ఆ సబ్బుముక్క తెచ్చిచ్చింది అమ్మే.

పగిలిన బ్లాకు బాగుచేయించే తాహతు మాకు లేదు. చేయించకపోతే ఇకముందు వచ్చే పెదనాన్న వంతులు ఆగిపోతాయి కాబట్టి ఆ నష్టం కూడా మామీదే పడుతుందన్నారు. దానికి బదులు నాన్న తన సగం వదులుకుంటే, పగిలిన బండి పగిలినట్టే తీసుకుంటానని పెదనాన్న పెద్దమనసు చేసుకున్నాడు. ఆ పెద్దమనసుని అందరూ మెచ్చుకున్నారు. నాన్న తలూపాడు. నేను చూస్తుండగా, ఒక్కమాట ఎదురు చెప్పకుండా, తలూపి లేచి వచ్చేశాడు. ఆయన మీద నాకు పెదనాన్న మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడే పెదనాన్న ఇంజను గుంటూరు పంపాడు. వేరే బ్లాకు తెప్పించాడు. క్రాంకు సాన పట్టించాడు. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, వాల్వులు, ఏదీ వదల్లేదు. అదే మేస్త్రి, అదే షెడ్డు. హాఫ్ చాలన్న నోటితోనే ఫుల్ చేయమన్నాడు. ఎర్రరంగు కూడా వేయించాడు. అంటే చేయించే తాహతూ, తెలివీ ముందు నుంచీ ఉన్నాయి. అది తన ఒక్కడిదయ్యే దాకా ఆగాడు, అంతే.

తోలడానికి మనిషి కావాలి. ఆ బండి గుణం తెలిసినవాడు ఊళ్ళో మా నాన్నే. పెదనాన్న కబురు పంపాడు, జీతానికి రమ్మని. పోతావా అని అమ్మ అడిగింది. పోకపోతే ఏం తింటారన్నాడు నాన్న.

కొత్త ఇంజనుని మొదట్లో తొక్కకూడదు, మెల్లగా అలవాటు చేయాలి. అందుకని పెదనాన్న రోజూ మడ్‌గార్డు మీద కూర్చుని వెంట తిరిగేవాడు. తొలిరోజు సాయంత్రం బండి మా గుమ్మం ముందు ఆగింది. నాన్న దిగి నీళ్ళు అడిగాడు. నేను చెంబు తెచ్చిచ్చాను. మొహం నిండా దుమ్ము. దుమ్ములోంచి సంతోషం కనిపించింది.

"ఎంత బాగా ఆడుతుందో తెలుసా," అన్నాడు అమ్మ వంక చూసి. "చప్పుడే లేదు."

పెదనాన్న మడ్‌గార్డు దిగకుండానే నాతో అన్నాడు. "మీ నాన్నకి నువ్వైనా చెప్పమ్మాయ్, కాస్త మెల్లగా తోలమని. ఉమ్మడి బండి తోలిన అలవాటు ఇంకా పోలేదు. ఇది ఒకరి సొమ్ము, జాగర్తగా ఉండాలి."

నా నోరు ఆగలేదు. "ఒకరి సొమ్ము ఎలా అయిందో ఊరందరికీ తెలుసు పెదనాన్నా. దొంగ ఆయిలు పోసి తమ్ముడి నోటికాడ కూడు లాక్కున్నావు, ఇంకా సుద్దులా?"

నన్ను చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా కొట్టని మా నాన్న, చెంబు కింద పెట్టి, చెంప మీద కొట్టాడు. కొట్టి నా వంక చూడలేదు. మడ్‌గార్డు వంక తిరిగి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆ సన్నటి గొంతుతో అన్నాడు.

"చిన్నపిల్ల అన్నయ్యా. మనసులో పెట్టుకోకు. రేపు పనికి రావచ్చుగా నేను?"

"రా," అన్నాడు పెదనాన్న. "పొద్దున్నే రా."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాన్న బండెక్కి, చెప్పినట్టే, మెల్లగా తోలుకుంటూ పోయాడు.