కొలబద్ద పక్కన లేచిన చేప

ఆదివారం. పొద్దున మంచు, తొమ్మిదికల్లా విడిచింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు కడిగాను. అడుగున చేరిన ఒండ్రు బకెట్లోకి ఎత్తుతుంటే కింద నుంచి కేక వినపడింది. పక్కింటి లస్కరు బాబాయి పోయాడు. తెనాలి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందట.

చేతుల మట్టి కడుక్కోకుండానే వెళ్ళాను. పిన్ని వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"తెల్లారగట్ట మంచినీళ్ళడిగాడంటరా మీ బాబాయి. అల్లుడు గ్లాసందిస్తే ఒక గుక్క తాగి, 'ఇయ్యి బోరు నీళ్ళు' అన్నాడంట. ఇంక మాట్లాడలేదంట," అంది.

నీళ్ళు నోట్లో పోసుకుని ఎక్కడివో చెప్పడం ఆయన అలవాటు. పోయేరోజు కూడా మానలేదు.

సోమవారం సమాధి చేశాం. వచ్చే శనివారం జ్ఞాపకార్థ కూడిక. దానికి అచ్చు వేసే చిన్న పుస్తకంలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అల్లుడు నన్నడిగాడు. నేను రోజూ ఆనాటి పనులు ఒక పుస్తకంలో రాసుకుంటానని అతనికి తెలుసు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అన్నా, ఆ చేప గొడవ మాత్రం వద్దు. తెనాలి నుంచి మావాళ్ళంతా వస్తారు, నవ్వుతారు," అన్నాడు.

నేను సరే అనలేదు, కాదనలేదు. మాట్లాడాల్సిన చోట ఊరుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇప్పుడు కాగితం మీద చెప్తున్నాను. చేప గొడవ లేకుండా బాబాయి గురించి రాయను. కూడిక పుస్తకంలో వెయ్యకపోతే విడిగా అచ్చు వేయించి సంఘం గుమ్మం దగ్గర నిలబడి నేనే పంచుతాను.

ఆయన్ని ఎరగని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రేపల్లెకి దిగువన మురుగు కాలువ మీద ఇనప షట్టర్లున్నాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు పొలాల వైపు ఎగదన్నకుండా వాటిని దించాలి, పోటు తీశాక ఎత్తాలి. ఆ పని చూసే ఉద్యోగిని లస్కరంటారు. బాబాయి ముప్పై ఏళ్ళు ఆ పని చేశాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడకున్న కొలబద్ద మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో అంకె వెయ్యాలి. దోసిలితో నీళ్ళు తీసుకుని రుచి చూసి ఉప్పో చప్పనో పక్కన రాయడం మాత్రం ఆయన సొంతంగా పెట్టుకున్న పని. ఎవరూ రాయమనలేదు.

ఒక ఏడు ఆయనకి జ్వరం వచ్చి మూడు రోజులు వెళ్ళలేకపోయాడు. నాలుగో రోజు రిజిస్టర్ తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ గళ్ళు చూసి, "ముందు రోజు అంకె చూసి ఏదో ఒకటి వేసెయ్యవయ్యా, అందరూ అదేగా చేసేది," అన్నాడు. బాబాయి వెయ్యలేదు. సంజాయిషీ కాగితం రాసిచ్చాడు గానీ గళ్ళు ఖాళీగానే ఉంచాడు. నేనప్పుడు ఏడో తరగతితో బడి మానేసి మోటార్ వైండింగు నేర్చుకుంటున్నాను. ఆ రిజిస్టర్ చూపించి నాతో అన్నాడు: "తెలీదంటే పరువు పోదురా అబ్బాయ్. తెలవకుండా తెలుసంటే పోయిద్ది." నేను పుస్తకం రాయడం మొదలుపెట్టింది ఆ వారంలోనే. ఇవాళ్టికీ ఆగలేదు.

పెద్ద రైతు ఒకాయన రాత్రిపూట వచ్చి తన చేలో నీళ్ళు దిగాలని షట్టరెత్తమన్నప్పుడు కూడా ఇదే మనిషి. అప్పుడు పోటు మీదుంది. "ఎత్తితే మీ చేలో నీళ్ళు దిగవండి, సముద్రం ఎక్కుద్ది," అన్నాడు. రైతు కేకలేశాడు. బాబాయి షట్టరు తిప్పే హ్యాండిల్ తీసి పక్కన పెట్టుకుని దాని మీద చెయ్యేసి కూర్చున్నాడు. పోటు తీశాకే లేచాడు.

రిటైరయ్యాక ఆయనకి కాలక్షేపం గేలం. ఎండాకాలం ఇంట్లో నిద్ర పట్టక రాత్రిళ్ళు షట్టర్ల దగ్గరికి వెళ్ళేవాడు. నేను తెనాలిలో మోటార్ల షాపు పని ముగించుకుని ఆఖరి రైల్లో దిగి, అన్నం తిని, టార్చిలైటు పట్టుకుని వెంట వెళ్ళేవాణ్ణి. జెల్లలు పడేవి. ఎప్పుడైనా ఒక కొరమేను. గంటల తరబడి ఇద్దరం మాట్లాడుకోకపోయినా ఇబ్బంది ఉండేది కాదు.

మూడేళ్ళ కిందట అలాంటి ఒక రాత్రి, గోడ పక్కన నీళ్ళలో గుడుక్కుమని చప్పుడైంది. మళ్ళీ కాసేపటికి ఇంకోసారి. ఏదో పైకొచ్చి గాలి మింగి పోతోంది. "కొరమేను కాదు, దాని చప్పుడు వేరు," అన్నాడు బాబాయి. మూడోసారి చప్పుడు కాగానే లైటు వెయ్యమన్నాడు. వేశాను. వెలుగు పడగానే చేప నీళ్ళలోంచి నిలువుగా లేచింది, కొలబద్ద పక్కనే. ఒళ్ళంతా వెండి రేకుల్లాంటి పొలుసులు. తలకి మించిన కన్ను. కింది దవడ పైకి తిరిగి ఉంది. వీపు మీది రెక్క చివర నుంచి దారంలాంటిది ఒకటి వెనక్కి వేలాడింది. అంతా రెప్పపాటు. పడిపోయింది.

"నాలుగు గీతలు. నాలుగడుగుల చేప," అన్నాడు బాబాయి. నాకు అంత పొడుగనిపించలేదు. కానీ ఆయన గీతలు చూసి చెప్తున్నాడు. ఇంటికొచ్చి నాలుగడుగులనే రాసుకున్నాను.

మర్నాడు టీకొట్టు దగ్గర ఆయన చెప్పాడు. ఎవరికీ ఆ ఆనవాళ్ళు తెలియలేదు. ఒకాయన పండుగొప్ప అన్నాడు. ఇంకొకాయన వాలుగ అన్నాడు. బాబాయి ఒక్కొక్కటీ కాదంటూ పోయాడు. పండుగొప్పకి దారం లేదు, వాలుగకి పొలుసు లేదు. చివరికి కొట్టతను గ్లాసులు కడుగుతూ, "బాబాయ్, రాత్రి ఎన్ని గ్లాసులు పడ్డయ్యేంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. బాబాయి జన్మలో తాగలేదు. కొట్టతను నా వైపు తిరిగి, "నువ్వూ ఉన్నావుగా అన్నా. నిజంగా చూశావా?" అన్నాడు.

ఎనిమిది మంది నా మొహమే చూస్తున్నారు. "చీకటి గదా, నాకు సరిగ్గా కనపళ్ళేదు," అన్నాను.

అది అబద్ధం. టార్చిలైటు నా చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చాం. గేటు తీస్తూ బాబాయి అడిగాడు. "నువ్వు చూళ్ళా?"

"చూశాను బాబాయ్."

"సరే. గురువారం నీకు సెలవేగా. పొద్దున్నే బస్సుకి బాపట్ల పోదాం," అన్నాడు.

బాపట్ల కాలేజీలో చేపల పాఠం చెప్పే మేడం ఒకామె ఉందని ఎవరో చెప్పారాయనకి. చెరుకుపల్లి మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఆనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. మేడం చిన్నమ్మాయి. ఓపిగ్గా విని లావుపాటి పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర ఆగింది.

"కన్ను, దారం, గాలి మింగడం, అన్నీ సరిపోతున్నాయి తాతగారూ. ఎంత పొడుగుందండి?"

"నాలుగడుగులమ్మా."

ఆమె పేజీ తిప్పేసింది. "అయితే ఇది కాదండి. ఇది కాలవల్లో అంత ఉండదు. చీకట్లో పొడుగు మీరు పొరబడ్డారేమో?"

"కొలబద్ద పక్కన చూశానమ్మా. ముప్పై ఏళ్ళు ఆ గీతలు చదివే జీతం తీసుకున్నా."

"అయితే ఏ చేపో నాకు తెలియదండి," అందామె.

బయటికొచ్చాక బాబాయి మొహం విచ్చుకుంది. "తెలీదంది చూశావా? మంచి పిల్ల," అన్నాడు.

తర్వాత రెండేళ్ళు ఆ చేప ఊళ్ళో ఆయన పేరు పక్కన చేరిపోయింది. ఆయన కనపడితే చాలు, పిల్లలు రెండు చేతులూ బార్లా చాపి చూపించేవాళ్ళు. అల్లుడు తలొంచుకునేవాడు. బాబాయి మాత్రం ఎవరడిగినా మొదటి నుంచీ చివరిదాకా ఒకే రకంగా చెప్పాడు. ఒక ఆనవాలు పెంచలేదు, ఒకటి తగ్గించలేదు.

పోయిన వేసవిలో కాలువలో నీళ్ళు బాగా తీశాయి. "పద, ఆ నాలుగు గీతలూ సుద్దతో దిద్దుదాం. నవ్వేవాళ్ళని తీసుకొచ్చి చూపిస్తా," అన్నాడు. పగటిపూట మెట్లు దిగి కొలబద్ద దగ్గరికి వెళ్ళాం. బురద తుడిచాడు. తుడిచి అలాగే నిలబడిపోయాడు.

ఆయన రిటైరయ్యాక షట్టర్లు బాగుచేసినప్పుడు పాత కొలబద్ద పీకేసి కొత్త రేకు బిగించారు. పాతది అడుగుల కొలత, అడుగుకొక గీత. కొత్తది మీటర్ల కొలత, పది సెంటీమీటర్లకొక గీత. అలవాటైన చోటు, అలవాటైన తెల్ల గీతలు. ఆ రాత్రి ఆయన అంకెలు చదవలేదు, గీతలు లెక్కపెట్టాడు. ఇప్పుడు గీతకీ గీతకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. బెత్తెడు మీద కొంచెం, అంతే. టేపుతో నాలుగు గీతలూ కొలిచాను. అడుగు మీద నాలుగంగుళాలు.

మెట్టు మీద కూర్చుని చేతుల బురద కడుక్కున్నాడు. తర్వాత, "పద, టీకొట్టుకి," అన్నాడు.

"ఎందుకు బాబాయ్? మనకి తప్ప ఎవరికి తెలుసు?"

"మనకి తెలిసిందిగా."

వెళ్ళాడు. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "నేను చెప్పిన కొలత తప్పు. గీతలు చూసి మోసపోయా. నాలుగడుగులు కాదు, అడుగు మీద నాలుగంగుళాలు."

వెంటనే కొట్టతను అందుకున్నాడు. "ఇంకో నెలాగు బాబాయ్, పరిగె పిల్లయిద్ది!" ఒకతను బెంచీ చరుస్తూ నవ్వాడు.

"కొలత తగ్గింది. చేప తగ్గలా," అన్నాడు బాబాయి. టీ చెప్పి, తీరిగ్గా తాగి, అప్పుడు లేచాడు. ఆయన నడుము ఏ కొంచెమైనా వంగిందేమోనని వెనక నుంచి చూశాను. వంగలేదు.

ఆ రోజు నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇది రెండో తప్పు. మొదటిదాని కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

చలికాలం మొదట్లో ఆయన మంచాన పడ్డాడు. తెనాలిలో చేర్చారు. నేను ఒక్కణ్ణే బాపట్ల వెళ్ళి మేడంకి సరైన కొలత చెప్పాను. ఆమె వెతుక్కోకుండా ఆ పేజీయే తీసింది. "ఇదేనండి. టార్పన్ అంటారు. సముద్రంలో పుట్టి కాలవల్లోకి ఎక్కుతుంది. తాతగారు చెప్పినవన్నీ కరెక్టే. మొదట్నుంచీ కొలత ఒక్కటే అడ్డం వచ్చింది," అంది. బొమ్మని ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

ఆసుపత్రి మంచం మీద ఆయన ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"కన్ను అదే. దారం అదే. పొట్ట కింద రెక్కలు నాకు కనపళ్ళా, వాటి సంగతి చెప్పను."

"పేరు కూడా రాసిచ్చింది బాబాయ్."

"పేరు తర్వాత. గాలి మింగుద్దంటనా?"

"మింగుద్దంట. నీళ్ళు చెడిపోయినా పైకొచ్చి ఊపిరి తీసుకుని బతుకుద్దంట."

"మరి!" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే పక్క మంచం అతను లేచి కూర్చున్నాడు. ఫోను నాకిచ్చేసి, కళ్ళు మూసుకుని, "ఈసారి నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్దామని రోజూ అనుకున్నాను. ఆదివారం కేక వినపడింది.

సోమవారం సమాధి తోటలో మట్టి వేసి చేతులు దులుపుకుంటూ టీకొట్టతను, "పాపం, మంచోడు. ఆ చేపేంటో తేలకుండానే పోయాడు," అన్నాడు. ఎగతాళికి కాదు, జాలిపడే అన్నాడు. ఆ జాలి నేను భరించలేకపోయాను.

"తేలింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ప్రార్థన పుస్తకం మూస్తున్న అయ్యగారు కూడా తిరిగి చూశారు. "ఆ చేప ఉంది. దానికి పేరుంది. నేనూ చూశాను. లైటేసింది నేనే. ఆ రోజు నీ కొట్లో అబద్ధం చెప్పాను."

"ఇప్పుడా అన్నా చెప్పేది?" అన్నాడతను.

ఆలస్యమే. కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోను. శనివారం తెనాలి నుంచి వచ్చేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. తన తప్పు తనే కొట్టు ముందు నిలబడి చెప్పిన మనిషిని చూసి నవ్వేవాళ్ళు, ఆయన మిగతా మాటలెందుకు అబద్ధమో కూడా చెప్పి నవ్వాలి.

ఇవాళ షాపు నుంచి పెందలాడే వచ్చేస్తే సాయంత్రం పిన్ని పిలిచింది. "సమాధి తోటలో అరిచావంటగా. నిజమేనా?"

"నిజమే పిన్నీ. చూశాను."

"మూడేళ్ళూ నేను కూడా నమ్మలేదురా. ఏదో అంటున్నాళ్ళే అని ఊకొట్టేదాన్ని," అని కొంగు నడుముకి దోపింది. "పద. ఎక్కడ నిలబడ్డారో చూపించు."

ఈ చివరి మాటలు షట్టర్ల మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పోటు ఎక్కుతోంది. గాలి లేదు. పిన్ని చెప్పులు విప్పేసి, రెయిలింగు పట్టుకుని గోడ వైపే చూస్తోంది. వచ్చి గంట దాటింది. పోదామా అని రెండుసార్లు అడిగాను, తల అడ్డంగా తిప్పింది. చీకటి పడుతోంది, అక్షరాలు సరిగా కనపడటం లేదు. ఇవాళ చేసిన పనులింకా రాయలేదు. పొద్దున తెనాలి షాపులో ఒక మోటారు విప్పి, దానికి

పిన్ని చెయ్యెత్తింది, కదలొద్దన్నట్టు.