ఐదు దేశాల గ్లాసులు

1974లో, వానలు పట్టే నెలలో, నన్ను అరకు లోయలో ఉన్న ఇంజనీరింగు శాఖ బంగ్లాకి అటెండరుగా వేశారు. మా ఆయన అదే శాఖలో పనిచేస్తూ సారా తాగి తాగి పోయాడు. ఆ ఖాళీలో నాకిచ్చిన ఉద్యోగం అది. నా చదువు నాలుగో తరగతి. తెలుగు, అంకెలు వచ్చు. ఇంగ్లీషు రాదు.

బంగ్లాలో ముగ్గురం. వంట అప్పన్నది. గదులు, దుప్పట్లు, గాజు సామాను నావి. బుద్రు వాచరు, అంటే కాపలా మనిషి, కొండమీద ఊరివాడు, నెమ్మదస్తుడు. పదేళ్లుగా మస్టర్ రోల్ మీదే ఉన్నాడు. అంటే వచ్చిన రోజుకి కూలి, జ్వరమొస్తే లేదు. పర్మనెంటు చేయవలసినవాళ్ల జాబితాలో ఆ ఏడే మొదటిసారి అతని పేరు ఎక్కింది. దాని మీద సంతకం పెట్టవలసింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు. ఈఈ గారు అనేవాళ్లం.

ఈఈ గారికి ఒక సరదా ఉండేది. విశాఖ రేవులో ఓడల మీద తిరిగే స్నేహితుడి చేత దేశదేశాల విస్కీ తెప్పించి, తోటి ఆఫీసర్లని పిలిచి, ఏది ఎలా ఉందో పోల్చి చూసేవారు. ఆ పనికో పద్ధతి ఉంది. గ్లాసులకి సబ్బు తగలకూడదు. వేణ్ణీళ్లతో కడిగి బోర్లించాలి. తుడిచే గుడ్డ లాంతరు గుడ్డతో కలవకూడదు. బుద్రు సీసాలు మూత తీసి తెస్తాడు. నేను లోపలే పోసి, గ్లాసు కింద అంకె వేసిన చీటీ పెట్టి పట్టుకెళ్లాలి. ఏ అంకె ఏ దేశమో వాళ్లు చెప్పాలి. ముందు రంగు చూస్తారు, తర్వాత వాసన, తర్వాత చిన్న గుక్క. ఆఖర్న నాలుగు చుక్కలు నీళ్లు కలిపి మళ్లీ చూస్తారు. నీళ్లు పడితే దాగిన వాసనలు బయటికొస్తాయట.

తాగుడంటే నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. అయినా గ్లాసులు కడిగే ముందు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. అమెరికాది అడుగంటిన బెల్లం పాకం. ఐర్లండుది మెత్తన, కోసి ఆరబెట్టిన గడ్డిలాగ. జపాన్‌ది సాన మీద గంధపు చెక్క అరగదీసినట్టు. మనదేశంది ముక్కు మీద గుద్దినట్టు వచ్చి వెంటనే పోతుంది. స్కాట్లండుది ఒకటుండేది, దాన్ని మరిచిపోలేం. తడిపుల్లలు పెట్టిన పొయ్యి పొగ, దాని వెనకాల ఒడ్డున ఎండేసిన వల. మూడు నెలల్లో చీటీ చూడకుండా ఐదూ చెప్పగలిగాను. ఆఫీసర్లలో ఒక్కరికీ అది రాలేదు. ఆ సంగతి నాకు సంతోషంగా ఉండేదని ఒప్పుకుంటున్నాను.

ఒకరోజు అప్పన్న గుమ్మంలోంచి చూశాడు. "ఏటప్పా, ఏటి సేత్తన్నావు? ఇయేళ ముక్కు, రేపు నోరా? మీ ఆయన వొదిలేసింది నువ్వు పూర్తి సేసీలాగున్నావే!"

"నీ కూర మాడుతోంది, బేగి పో" అన్నాను. ఆ తర్వాత ఎవరూ లేనప్పుడే చూసేదాన్ని.

దసరా ముందు చీఫ్ ఇంజనీరు గారు వచ్చారు. ఆయన కోసం ఈఈ గారు ఆ పొగ విస్కీ కొత్త సీసా దాచి ఉంచారు. మూత తీసి బల్ల మీద పెట్టమని బుద్రుకి చెప్పి స్నానానికి వెళ్లారు. వాన తెరిపిచ్చింది. నేను పెరట్లో దుప్పట్లు తీసుకుని వస్తుంటే వెనక మెట్ల దగ్గర ఆ వాసనే తగిలింది. అక్కడ పొయ్యి లేదు. సముద్రం ఎక్కడో ఉంది. కిందికి చూస్తే మట్టి మీద చారెడు తడి, మిగతా తడి కంటే ముదురుగా. కొండల్లో జీలుగు చెట్టు నుంచి కల్లు కొత్తగా దించితే ముందు కొంత నేలకి పోస్తారు, వాళ్ల పెద్దలకి. అది పోశాకే మనుషులు ముట్టుకుంటారు. ఎంత దండగ అని విసుక్కుని లోపలికి వెళ్లాను.

ఈఈ గారు సీసా ఎత్తి చూస్తున్నారు. రెండు వేళ్ల మేర తగ్గి ఉంది.

"తాగనేదు బాబూ" అంటున్నాడు బుద్రు. "నేలకి పోసేను. పెద్ద బాబు వొచ్చినారు. కొత్తది మా పెద్దోలకి పొయ్యకుండా ఇస్తే ఆ బాబుకి మంచిది గాదు."

చీఫ్ గారు నవ్వారు. ఇంత మంచి కథ చెప్పిన దొంగని సర్వీసులో చూడలేదన్నారు. ఈఈ గారికి తల కొట్టేసినట్టయింది. నావైపు తిరిగి, "ఏమమ్మా, వీడు నేలకి పోయడం నువ్వు చూశావా?" అని అడిగారు.

నేను చెప్పవలసినవి రెండే మాటలు. అతని నోరు వాసన చూడండి, చుట్ట వాసన తప్ప రాదు. మెట్ల కింద మట్టి వాసన చూడండి. కాని వెంటనే, ఆ విస్కీ వాసన నీకెలా తెలుసు అని అడుగుతారు. అప్పన్న గుమ్మంలో నిలబడి నాకేసే చూస్తున్నాడు.

"చూడలేదు బాబూ" అన్నాను.

అది అబద్ధం కాదు. మళ్లీ వాన అందుకుంది. పావుగంటలో మెట్ల కింద ఒట్టి బురద మిగిలింది.

జాబితాలో బుద్రు పేరు మీద గీత పడింది. నాలుగో రోజున మస్టర్ రోల్ నుంచి కూడా తీసేశారు. కొన్నాళ్లకి సంతలో విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్ముకుంటూ కనిపించాడు. తల తిప్పుకుని పోబోతుంటే తనే పిలిచాడు.

"నీ తప్పు నేదమ్మా. నీకు కనపడీలాగ పోసుంటే బాగుణ్ణు. నువ్వు సూసుంటే సెప్పీదానివే" అని ఒక కట్ట అడ్డాకులు చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

తర్వాత సర్వీసులో మూడు విచారణలకి నన్ను సాక్షిగా పిలిచారు. మూడింట్లోనూ ఏం చూశావనే అడిగారు. చూసింది ఇది, చూడకుండా తెలిసింది ఇది, ఎలా తెలిసిందో ఇది అని విడివిడిగా రాయించి, చదివించుకుని సంతకం పెట్టాను. ఒకసారి దానివల్ల నన్ను బదిలీ చేశారు, వెళ్లాను. సాక్షిని అడిగేవాళ్లు చూసిందే అడుగుతారు. తెలిసింది చెప్పడం సాక్షి పని. బుద్రు విషయంలో నేను ఆ పని చెయ్యలేదు.