బల్ల కాలి కింద పంచాంగం

మొన్న పక్కింటావిడ వచ్చి, "పోయినేటి పంచాంగం ఉంటే ఓసారి ఇస్తారా అండీ, మనవరాలి నక్షత్రం చూసుకోవాలి" అన్నారు. ఇచ్చేముందు దాన్ని తలకిందులుగా పట్టుకుని నాలుగుసార్లు దులిపాను. నల్లులున్నాయేమోనని ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. నల్లులు కావు, మా బాబాయి జ్ఞాపకం.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో ధవళేశ్వరంలో బాబాయికి షామియానాల దుకాణం ఉండేది. ఒక బియ్యం వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటూ, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు హామీగా ఇచ్చాడు. అప్పు తీర్చి రసీదు రాయించుకున్నాడు గానీ, "చెక్కు ఎక్కడో పెట్టానండి, కనపడగానే చింపేస్తాను" అన్న మాట నమ్మి వచ్చేశాడు. తరవాత ఇద్దరికీ మాటామాటా వచ్చి, వ్యాపారి ఆ చెక్కు నింపి బ్యాంకులో వేశాడు. చెక్కు తిరిగొచ్చింది, బాబాయి మీద కేసొచ్చింది. రసీదు మాత్రం ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు. పిన్ని బియ్యం డబ్బా అడుగున కూడా వెతికింది. "జైల్లో కాఫీ ఇవ్వరట కదరా" అని బాబాయి ముందుజాగ్రత్తగా కాఫీ మానేశాడు. దుకాణంలో ఒకచోట కూర్చోలేక, మడతపెట్టిన షామియానాలే విప్పి మళ్ళీ మడతపెట్టేవాడు.

సాక్ష్యాలు ముగిసి ఇక వాదనలే అనుకున్న వారం, నేను ఇల్లు మారాను. కుంటిబల్ల ఎత్తగానే కాలి కింద పంచాంగం కనిపించింది. మా అమ్మాయి అక్షరాభ్యాసానికి మంచిరోజు చూడ్డానికి బాబాయి దగ్గర తెచ్చుకున్నది. ఈలోగా ఉగాది వెళ్ళిపోయింది, పాత పంచాంగం తిరిగిచ్చి ఏం లాభమని బల్లకు దానం చేశాను. దులిపితే రసీదు రాలింది. బ్యాంకు నుంచి చెక్కైనా తిరిగొచ్చింది, నా దగ్గర్నుంచి పంచాంగం తిరిగిరాలేదు.

"ఇంత ఆలస్యంగా దాఖలు చెయ్యాలంటే జడ్జిగారు అనుమతించాలి. ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదో కారణం రాయాలి" అన్నారు ప్లీడరుగారు.

"వెతికినా దొరకలేదని రాయండి. వీడు మేష్టరండి, వీడి పేరెందుకు" అన్నాడు బాబాయి.

ఐదు నిమిషాలు ఆలస్యమైన పిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టే మేష్టర్ని నేను. నిజమే రాయించి సంతకం పెట్టాను.

రాజమండ్రి కోర్టులో ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంటూ మధ్యాహ్నం చేశాను. మా వంతు వచ్చాక అవతలి ప్లీడరు, "ఇది నిన్నా మొన్నా పుట్టించిన కాగితం" అన్నాడు. జడ్జిగారు రసీదు వెలుతురుకు ఎత్తి చూశారు. మధ్యలో బల్ల కాలి గుండ్రటి అచ్చు. దాంతోపాటు ఇచ్చిన పంచాంగం తెరిచారు. పుటపుటకీ అదే అచ్చు. తలెత్తి నన్ను చూశారు.

"అడిగి తెచ్చుకున్నది తిరిగివ్వలేదా?"

"ఉగాది వెళ్ళిపోయింది కదానండి..."

"ఏం చేస్తుంటారు?"

"బళ్ళో మేష్టర్నండి."

కోర్టంతా నవ్వింది. చెక్కు కేసును చెక్కబల్ల తేల్చేలా ఉందని నేనూ నవ్వబోయాను గానీ, బాబాయి నా మోచేయి పట్టుకుని జడ్జిగారి కలం వైపే చూస్తున్నాడు.

అనుమతి ఇచ్చి, ఆలస్యానికి ఖర్చులు కట్టమన్నారు. నేనే కట్టాను. తరవాతి వాయిదాకు మళ్ళీ బోనెక్కిన వ్యాపారి, రసీదు చూసి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "సంతకం నాదేనండి" అన్నాడు. కేసు కొట్టేసిన రోజు బాబాయి ఎదురు హోటల్లో వరసగా రెండు కాఫీలు తాగి, "పంచాంగం నువ్వే ఉంచుకోరా, బల్ల ఊగుతుందేమో" అన్నాడు.

మర్నాటి నుంచి ఆలస్యమైన పిల్లల్ని లోపలికి రానిచ్చాకే కారణం అడిగేవాణ్ణి. బాబాయి ఇప్పుడు లేడు, పంచాంగం ఉంది. ఏడాది దాటిపోయిందని మనం అనుకుంటాం గానీ, అది ఏదో బరువు కింద అణిగి, ఎవరైనా ఎత్తి చూసేదాకా అలాగే పడి ఉంటుంది.