ట్రిగ్గర్ బరువు

హాబ్సన్‌విల్‌లోని మా గరాజులో ఒక పనిబల్ల ఉంది. ఉద్యోగ విరమణ తర్వాత నావీ, లైసెన్సున్న ఒకరిద్దరు మిత్రులవీ వేట తుపాకులు నేను సరిచేసేది దాని మీదే. ముప్పై ఏళ్లు కొలత పరికరాలతో పనిచేసినవాణ్ణి. ‘కాస్త బరువుగా ఉంది’ అన్న మాట నాకు సమాచారం కాదు. ఎన్ని గ్రాములో చెప్పాలి.

ఫిబ్రవరిలో నా వేట మిత్రుడు తన పెద్ద రైఫిల్ తెచ్చాడు. అనంతపురం నుంచి ఈ దేశం వచ్చినవాడు, ఊరి అవతలి కొసన బోటనీ డౌన్స్‌లో ఉంటాడు. అది బోల్టు లాగి ఒక్కొక్క తూటా ఎక్కించే రకం, తూటా సైజు పాయింట్ త్రీ త్రీ ఎయిట్. మోయడానికి తేలికగా ఉండాలని అంతకుముందే దాని చెక్క పిడి తీసి ఫైబర్‌ది బిగించాం, బారెల్ కురచ చేయించాం, భుజానికి ఆనే చోట మందపాటి రబ్బరు అతికించాం. ఇక మార్చవలసినది లేదనే అనుకున్నాను.

“ట్రిగ్గర్ బరువైపోయిందప్పా. తేలిక చేసియ్యి. ఏప్రిల్లో దుప్పులు జతకోసం అరిచే టయానికి కొండ మీదుండల్ల నేను.”

లాగడానికి పట్టే బలం కొలిచే గేజు కొక్కేన్ని ట్రిగ్గర్‌కు తగిలించి ఐదుసార్లు లాగాను. సగటు పద్నాలుగు వందల గ్రాములు. నిరుడు నేను సరిచేసి ఇచ్చిన అంకె అదే.

“ఏమీ మారలేదు.”

“నీ గేజుకేం తెలుసు? వేలు నాది గదా.”

“గేజు అబద్ధం చెప్పదు.”

“అట్లయితే వేటకు దాన్నే పిల్చుకపో. నేను ఇంట్లో పప్పన్నం తింటా.”

నవ్వాడు. బల్ల అంచున ఆనించిన అతని చూపుడువేలు సన్నగా అదురుతూ ఉంది. రెండో చేత్తో దాన్ని కప్పుకున్నాడు.

ట్రిగ్గర్ మరను తిప్పి తొమ్మిది వందలకు దించాను. తూటా లేదని ఇద్దరం చూసుకున్నాక అతడు గురిపెట్టి నొక్కాడు. ట్రిగ్గర్ కదిలేసరికి బారెల్ కొన జానెడు పక్కకు పోయింది.

“ఇంకొంచెం దించు.”

ఎనిమిది వందలు చేశాను. ప్రతి మార్పు తర్వాతా నేను చేసే పరీక్ష ఒకటుంది. ఖాళీ తుపాకీ బోల్టును గట్టిగా ముందుకు కొట్టి మూస్తాను. ట్రిగ్గర్ ముట్టకుండానే తూటాను పేల్చే లోపలి సూది పడిందంటే, కొండ మీద కాలు జారినా ఆ తుపాకీ పేలుతుంది. మొదటి రెండుసార్లు నిలిచింది. మూడోసారి టక్కుమని పడింది.

“మూడిట్లో ఒకసారే గదా పడింది,” అన్నాడు.

“కొండ మీద నీకు ముందు నడిచేది నేను.”

అతడు నా చేతిలోంచి తుపాకీ తీసుకొని బల్ల మీద పెట్టి, “నరాల జబ్బంట. చేతులతో మొదలైంది, కాళ్లకూ వస్తాదంట. ఇంట్లో ఇంకా చెప్పలే,” అన్నాడు.

“ఎప్పుడు తెలిసింది?”

“నీకు తేదీ కావల్ల గదా! నవంబరు.”

“ఇంకా ఎంతకాలం అన్నారు?”

“రెండేళ్లో, మూడేళ్లో. ఆ డాక్టరూ గ్రాముల్లో చెప్పలేదప్పా.”

స్క్రూడ్రైవర్ తీసి మర మీద పెట్టాను, ఎటు తిప్పాలో తెలియలేదు. అతడే అన్నాడు.

“పాత బరువుకే తిప్పెయ్యి. అమ్మేస్తా. కొనేవాని వేలు బాగుంటాది.”

తిప్పాను. బోల్టు కొట్టి చూశాను, నిలిచింది. గేజుతో ఐదుసార్లు లాగాను.

“ఎంతొచ్చింది?”

“పద్నాలుగు వందలు.”

తల ఊపి, రైఫిల్‌ను సంచిలో పెట్టాడు. జిప్పు లాగబోయి, పట్టు చిక్కక రెండుసార్లు వదిలేశాడు. మూడోసారి నేను లాగాను.