ఖత్ వేడినీళ్లలో లచ్చన్న కాలు

నిప్పుల గుండం తొక్కినవాడి కాళ్లకు మీరెప్పుడైనా మొక్కారా? మొక్కి ఉంటే ఈ ప్రయాణం మీకోసమే రాస్తున్నాను. నాలాగా మొక్కనందుకు గర్వపడేవాళ్లు కూడా చదవాలి. నిజానికి వాళ్లే ముందు చదవాలి.

పోయిన అక్టోబరులో బర్ దుబాయ్‌లో మా తమ్ముడి దగ్గర నెలరోజులున్నాను. వాడు అక్కడ దర్జీ. నేను జగిత్యాల వైపు బడుల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. మూఢనమ్మకాల మీద ఊరూరా సభలు పెట్టి తిట్లు తిన్నవాణ్ణి. ఈ ఎడారిలో కూడా చెరువు, వాగు, వేడినీటి ఊట ఉన్నాయని నా పాత విద్యార్థి రాజు ఊరించాడు. అతను అల్ కుసైస్ క్యాంపులో ఉంటూ భవనాల పనిలో ఇనుప చువ్వలు కడతాడు. ఆదివారం సెలవు కాబట్టి పదిమంది కలిసి వ్యాను మాట్లాడుకున్నారు. మనిషికి యాభై దిర్హాములు.

ఆరున్నరకల్లా క్యాంపు గేటు దగ్గరుండాలన్నాడు. ఆదివారం మెట్రో ఎనిమిదిదాకా కదలదని మాత్రం చెప్పలేదు. మూసిన స్టేషన్ ముందు పావుగంట నిలబడి, టాక్సీకి నలభై పెట్టి పరుగున చేరితే గేటు దగ్గర ఒక్కడూ లేడు. ఏడుంబావుకు వ్యాను వచ్చింది, ఏడున్నరకు మనుషులు వచ్చారు, ఎనిమిదింటికి బగారన్నం గిన్నె వచ్చింది. మీరు వెళ్తే ఆదివారం పొద్దున మెట్రోను నమ్ముకోకండి. ఆరున్నర అన్న మాటను అసలే నమ్మకండి.

"యల్లా, యల్లా" అంటూ డ్రైవరు ఖాజా బండి తీశాడు. కడప మనిషి. నా పక్కన కూర్చున్నది లచ్చన్న, యాభై దాటిన మేస్త్రి, రాజు వాళ్ల జట్టుకు పెద్ద. అతను చెరువు కోసం రాలేదు, ఖత్ ఊట కోసం వచ్చాడు.

"నాలుగు నెలల సంది అరికాళ్లు మొద్దుబారుతున్నయి సార్. ఖత్ నీళ్లల్ల గంటసేపు పెడితే నరాలన్నీ సాఫ్ అయితయంట."

"డాక్టరుకు చూపించావా?"

"అమ్మో! ఏదన్న బీమారని తేలిందనుకోండ్రి, కంపెనీ మేనేజరు, మా ముదీర్, తెల్లారే వీసా క్యాన్సిల్ కొడతడు. బిడ్డ నర్సింగు సదువు ఇంకో ఏడాదున్నది."

సైన్సు మాస్టరు అప్పుడేం చేయాలి? ఆ కాళ్లు చూడాలి. నేనేం చేశాను? వేడినీటి ఊటల్లో గంధకం ఎందుకుంటుందో అరగంట చెప్పాను.

చెరువున్న హత్తాకు పాత రోడ్డు మధ్యలో ఒమన్ నేల మీదుగా పోతుంది, మనబోటివాళ్లను అటు పోనివ్వరు. చుట్టూ తిరిగి చేరేసరికి పది దాటింది. రాళ్లగుట్టల మధ్య డ్యాం, దాని వెనక ఆకుపచ్చని నీళ్లు. చూడదగ్గదే, కాదనను. కానీ ఈదకూడదని బోర్డు, పడవకు పెద్ద వరుస, ప్రతి ఫోనులో ఒక పాట. నీళ్లు చూడాలని అంతదూరం వచ్చిన మావాళ్లు నీళ్లకు వీపు పెట్టి గంటసేపు ఫోటోలు దిగారు. పాప్‌కార్న్ పొట్లాం పదిహేను దిర్హాములు. వద్దన్నాను.

ఒంటిగంటకు షౌకా చేరాం. అక్కడ వాగు ఉంది. వాగంటే గోదారి పాయ అనుకోకండి, కంకర మధ్య మోకాటి లోతు మడుగు. గుడారపు నీడలో బగారన్నం తిన్నాక అందరూ చెప్పులు విడిచి మడుగుకేసి పరుగెత్తారు. ఎండకు కంకర పెనంలా ఉంది. "అవ్వో, సచ్చిన్రో" అని కేకలు పెడుతూ ఒక్కొక్కడూ కోడిపుంజులా ఎగిరాడు. లచ్చన్న ఒక్కడే చాప మీద నడిచినట్టు నడిచిపోయాడు.

"మా కాక ముచ్చట వేరు సార్" అన్నాడు రాజు. "పీరీల పండుగకు పన్నెండేండ్లు గుండం తొక్కిండు. నిప్పు సుత ఆయనకు దండం పెడతది."

ఇంకేముంది, నాకు సభ దొరికింది. బొగ్గు మీది బూడిద వేడిని ఆపుతుందన్నాను. అడుగు నిలవదు కాబట్టి కాలు కాలదన్నాను. మహిమ ఏమీ లేదన్నాను.

"మీరు పుస్తకంల సదివిన్రు సార్. నేను కాళ్లతోని తొక్కిన" అన్నాడు లచ్చన్న.

"నడవడం గొప్పకాదు. ఈ రాళ్ల మీద కదలకుండా ఒక్క నిమిషం నిలబడు చూద్దాం!"

ఆ మాట అన్నది నేనే. అతను నిలబడ్డాడు. సిగరెట్టు వెలిగించి, "లెక్కవెట్టుండ్రి" అన్నాడు. గడియారం చూస్తూ అరవై లెక్కపెట్టాను. మొహంలో చిన్న ముడత కూడా పడలేదు. "సార్ ఖలాస్!" అని అందరూ చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్ల సభల్లో ఎవడూ నన్నిలా ఓడించలేదు. మూతి ముడుచుకుని వ్యానెక్కాను. గంటన్నర దారంతా కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను.

ఖత్ రాస్ అల్ ఖైమా వైపు, కొండల కింద ఖర్జూరపు తోటల ఊరు. నాలుగింటికి చేరాం. టికెట్టు కొని అందరూ లోపలికి పరుగెత్తారు. అలిగిన నేను గుమ్మం దగ్గర బోర్డు చదువుతూ నిలబడ్డాను. గుండెజబ్బు, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరు సలహా లేకుండా దిగరాదు.

షుగర్. మొద్దుబారిన అరికాళ్లు. నొప్పి తెలియని నిమిషం.

నేను పరుగెత్తి చాలా ఏళ్లయింది, అయినా ఊటదాకా పరుగెత్తాను. "లచ్చన్నా, కాలు బయటికి తియ్యి!"

"సార్ మళ్లా మొదలువెట్టిండు" అని ఎవరో నవ్వారు. నేను నీళ్ల అంచున కూర్చుని అతని కాలు లాగి ఒడిలో పెట్టుకున్నాను. అరికాలంతా తెల్లటి బొబ్బ, నేను లెక్కపెట్టిన అరవై క్షణాల పని అది. బొటనవేలి కింద నల్లగా ఏదో పొడుచుకుని ఉంది. ఇనుప చువ్వలు కట్టే తీగ ముక్క, గోరంత. చుట్టూ చీము. ఎన్నాళ్ల నుంచి దాని మీద నడుస్తున్నాడో అతనికే తెలియదు.

ఆస్పత్రికి పోదామన్నాను. లచ్చన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. "నేను రాను. క్యాన్సిల్ కొడతరు సార్. మీకేం, పింఛనొస్తది." అరుగు మీద రుమాలు పరిచి కాలికి చుట్టుకోబోయాడు. వీసా పరీక్షలో షుగర్ చూడరన్నాను, నరాలు ఎలా చస్తాయో చెప్పాను. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

అప్పుడు ఖాజా తడికాళ్లతో వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "లచ్చన్నా, నాకు ఆరేళ్ల నుంచి షుగరుండాది. పొద్దున మాత్ర మింగుతా, బండి తోల్తా. మూడుసార్లు వీసా మార్చినారు. నన్నెవుడు క్యాన్సిల్ కొట్టినాడు?"

లచ్చన్న రుమాలు చుట్టడం ఆపాడు.

"ఇంగో మాట చెప్తా. మా నాయనా గుండం తొక్కినాడు. బొబ్బలు లేసి వారం మంచం దిగల్యా. ఎవురికీ చెప్పొద్దని మా అమ్మ దగ్గిర ఒట్టేయించుకున్యాడు. కాలినోడు ఎవుడూ బయటికి చెప్పడు. లేయ్, పాదాం."

లచ్చన్న లేచాడు. నా నలభై ఏళ్ల ఉపన్యాసాల్లో ఆ ఒట్టు సంగతి ఒక్కసారీ లేదు.

తిరుగు దారిలో ఎక్కడా ఆగలేదు, చాయ్‌కి కూడా. ఏడుంబావుకు అల్ కుసైస్‌లో ఒక క్లినిక్‌కి చేరాం. లచ్చన్న పర్సులోంచి బీమా కార్డు తీశాడు. దాని మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఊడలేదు. సూదిపోటుతో చూస్తే షుగర్ మూడొందల ఎనభై. డాక్టరు తీగ తీసి, గాయం కడిగి, కట్టుకట్టి, రెండో కాలు చాపి కళ్లు మూసుకోమన్నాడు. సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద పదిచోట్ల తాకాడు. తాకినట్టు తెలిసినప్పుడల్లా "లగా" అనమని ముందే చెప్పాడు. తగిలిందని అర్థం.

పదోది అయ్యాక కళ్లు మూసుకునే లచ్చన్న అన్నాడు: "పెట్టుండ్రి డాక్టర్ సాబ్, నేను తయారే. ఇంకా మొదలువెట్టలేదా?"

కాలు దక్కుతుందని, వారంవారం రావాలని, చెప్పుల్లేకుండా స్నానాలగదికి కూడా పోవద్దని డాక్టరు చెప్పాడు. మెట్రోలో బర్ దుబాయ్ వస్తూ ఆ చెరువు, ఆ మడుగు, ఆ ఊట గుర్తు చేసుకుందామని చూశాను. అరవై అంకెలు లెక్కపెట్టిన నా గొంతు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

ఇది చదివి తలూపి ఊరుకోకండి. మీ ఇంట్లో నలభై దాటినవాళ్లను ఇప్పుడే కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, దూదిపుల్లతో అరికాలు తాకండి. మీ మనిషి గల్ఫ్‌లో ఉంటే వీడియోలో రెండు అరికాళ్లూ చూపించమనండి, పక్కమంచం వాడిచేత తాకించండి. తాకిన సంగతి తెలియలేదంటే పొద్దున్నే డాక్టరు దగ్గరికి పంపండి. దేవుడున్నాడా లేడా అన్న వాదన తర్వాత పెట్టుకోండి.