లాఠీ పట్టుకున్న వంటవాడు

ఆ పాత జైలుకి తానే పెద్ద దిక్కని తాళాలమ్మ నమ్మకం. ప్రభుత్వం నమ్మకం వేరు. ప్రభుత్వానికి ఆమె కాంట్రాక్టు మీద గదులూడ్చే మనిషి, అంతే. పొద్దున తాళాలు తీసి సాయంత్రం వేస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. జైలు మూతపడి మ్యూజియం అయినప్పటి నుంచీ ఆ తాళాల గుత్తి ఆమె నడుముకే వేలాడుతోంది. చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆమె అంటే హడలు. ఒకసారి గోడ మీద గుండె బొమ్మ చెక్కుతున్న కుర్రవాణ్ని పట్టుకుని, చొక్కా విప్పించి, ఆ చొక్కాతోనే గోడ తుడిపించింది. పక్కనున్న ప్రియురాలు నవ్వితే, "నవ్వకు. రేపు నీ ఇంటి గోడలూ ఇలాగే గోకుతాడు" అంది.

మిగతా ఊడ్చేవాళ్లతో ఆమె కలిసి కూర్చునేది కాదు. వాళ్లు జీతానికి వచ్చారు. ఆమె తండ్రి ఇక్కడ ఉద్యోగం చేశాడు. జైలు వంటశాలలో ఖైదీలందరికీ వండిపెట్టాడు. యూనిఫారం ఉండేది, టోపీ ఉండేది. ఇది ఆమె అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది.

అలాంటి రోజుల్లో రాష్ట్రంలో ఉన్న చారిత్రక కట్టడాలన్నీ బాగుచేసి ఉత్సవాలు జరపాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. కొత్త అధికారి వచ్చాడు. దుమ్ములో కూడా తెల్ల బూట్లు వేసుకు తిరిగేవాడు, అందుకని తాళాలమ్మ అతనికి తెల్లబూట్ల సారని పేరు పెట్టింది. వెనకటి ఉద్యోగుల ఫొటోలుంటే ఇవ్వమని అతను అడగడమే ఆలస్యం, ఇంటి గోడ మీదున్న తండ్రి ఫొటో దించి, అద్దం తుడిచి, స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టింది. గుబురు మీసం, నవ్వని మొహం, నిటారుగా టోపీ. కింద పేరు పెద్ద అక్షరాలతో రాయించమని కూడా చెప్పింది. అలాగేనమ్మా అన్నాడు సారు. వినకుండానే అలాగే అనే మనుషులుంటారు, వాళ్లలో ఒకడు.

నెల తిరక్కుండా లారీలో బొమ్మలు దిగాయి. మనిషంత ఫైబర్ బొమ్మలు. పెద్ద గదిలో ప్లాస్టిక్ కవరు ఊడదీసేసరికి, నేల మీద ముడుచుకుపోయిన ఒక ఖైదీ, వాడి మీద లాఠీ ఎత్తిన వార్డరు. ఆ వార్డరుకి తాళాలమ్మ తండ్రి మొహం ఉంది. అదే మీసం, అదే టోపీ. కింద పలక మీద, మిల్లు సమ్మె చేసి జైలుకొచ్చిన కార్మికులు ఆ చలికాలం వార్డర్ల దెబ్బలకి ఇక్కడ ప్రాణాలు విడిచారని రాసి ఉంది. పోయినవాళ్ల పేర్లు గోడ మీద చెక్కించారు.

ఆమె చీపురు అక్కడే పడేసి సారు గదిలోకి వెళ్లింది. మొహం మాత్రమే వాడుకున్నామని, ఎవరి పేరూ రాయలేదని అతను నచ్చజెప్పబోయాడు.

"మీ మొహం తీసుకెళ్లి ఓ దొంగ బొమ్మకి తగిలిస్తాను సారూ. పేరు రాయను. ఊరుకుంటారా?"

"అది బొమ్మమ్మా. ఆ మీసం మాకు బాగా కుదిరింది."

కుదరడమట. చెప్పుల షాపులో మాట. ఎంత అరిచినా అతను ఫైలు మీంచి తల ఎత్తలేదు. చివరికి, మీ నాన్న వార్డరు కాదనడానికి సాక్ష్యం తెండి, చూద్దాం అని పంపేశాడు. అప్పటి ఉద్యోగులంతా మట్టిలో ఉన్నారని తెలిసే అడిగాడు.

ఇక రోజూ నరకమే. పిల్లలు వచ్చి ఆ వార్డరు కాలి మీద తన్నేవాళ్లు, కొందరు ఉమ్మేవాళ్లు. తుడవాల్సింది ఆమే. టిక్కెట్లిచ్చేవాడు సాయంత్రం గేటు దగ్గర కాచుకుని, "ఏమ్మా, నాన్నగారు ఈవేళ ఎంతమందిని వాయించారు?" అని అడిగేవాడు. నిన్నొక్కణ్ని వదిలేసి తప్పుచేశాడని ఆమె జవాబిచ్చేది. జవాబులకి ఆమె ఎప్పుడూ వెతుక్కోలేదు. కానీ ఇంటికెళ్లాక అన్నం సయించేది కాదు.

ఇదంతా ఒక ఎత్తు, మనవరాలిది ఒక ఎత్తు. బడివాళ్లు పిల్లల్ని జైలు చూపించడానికి తీసుకొచ్చారు. ఇంట్లో రోజూ చూసిన మొహం కాబట్టి ఆ పిల్ల గుర్తుపట్టి, మా ముత్తాత అని గొప్పగా అరిచింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదట. మర్నాడు బడికి పోనంది. ఆ మర్నాడు కూడా పోనంది. దుప్పట్లో మొహం దాచుకున్న మనవరాలిని చూసి, ఆ లాఠీ తీయించకపోతే తను మనిషే కాదనుకుంది తాళాలమ్మ.

ఇద్దరం వెళ్లి అడుగుదాం రమ్మని అన్న ఇంటికి వెళ్లింది. అన్న దర్జీ. వయసైపోయినా మిషను వదల్లేదు. చెల్లెలు చెప్పిందంతా విని, ప్యాంటు మడత కుడుతూనే ఉన్నాడు.

"వదిలెయ్ చెల్లీ. ఎక్కువ కదపకు."

"నాన్న చేతిలో లాఠీ పెడితే వదిలెయ్యాలా?"

"పట్టుకుంటే పట్టుకున్నాడులే. అది చేతిలో ఉన్నంతసేపూ ఇంకేమీ అడగరు."

ఆ మాట ఆమెకి పిరికితనంగానే వినిపించింది. సూదిలో దారం ఎక్కించడం తప్ప మగతనం మిగల్లేదని ముఖం మీదే అనేసి, ఇచ్చిన టీ తాగకుండా వచ్చేసింది.

అదృష్టమో ఏమో, ఉత్సవం ప్రారంభించడానికి రిబ్బన్ కత్తిరించే మనిషి కోసం సారు వెతికితే, ఆ సమ్మె ఖైదీల్లో ఒక్కడు బతికున్నాడని తేలింది. ముందురోజే ఆ పెద్దాయనను కారులో తీసుకొచ్చి గదులు చూపించారు. తాళాలమ్మ ఆయన్ని గేటు దగ్గరే పట్టుకుంది. చేతికర్ర ఊతంతో ఆయన నెమ్మదిగా నడుస్తుంటే, వెనకాలే సారు, ఆ వెనక ఈమె. పెద్ద గదిలో బొమ్మల మేస్త్రి వార్డరు బూటుకి ఊడిన రంగు వేస్తున్నాడు. పిల్లల తన్నుల పుణ్యం.

"సాక్ష్యం కావాలన్నారు కదా సారూ, ఇదిగో. పెద్దాయనా, ఈ మొహం బాగా చూడండి. ఈయన మిమ్మల్ని కొట్టాడా?"

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"లేదమ్మా. ఈయన వంటాయన. ఎవరి మీదా చెయ్యెత్తలేదు."

తాళాలమ్మ సారు వైపు తిరిగింది. ఆ చూపుకి ఇంకొకడైతే నేలలోకి దిగిపోయేవాడు. కానీ పెద్దాయన మాట అక్కడితో అయిపోలేదు.

"చెయ్యెత్తాల్సిన పనేముంది? మా తిండి ఆయన చేతిలో ఉంటే."

ఆయన నిదానంగానే చెప్పాడు. వంటశాలకి బస్తాలు సరిగ్గానే వచ్చేవట, ఖైదీలే దించేవాళ్లట. గిన్నెలోకి మాత్రం వేడినీళ్లొచ్చేవట, అందులో మెతుకు కనిపిస్తే పండగట. దెబ్బలు తిన్నవాళ్లందరూ లేచి తిరిగారు. ఆ చలికాలం పోయినవాళ్లు ఆకలికి పోయారు. గోడ మీద మూడో పేరు తన పక్కన పడుకున్నవాడిదట. చివరి రోజుల్లో పప్పు వాసన వస్తోందని అంటుండేవాడట. సరుకు బయటికెలా పోయేదో ఎవరికీ అంతుపట్టలేదు. గేటు కాపలా సెంట్రీ వంటవాళ్లని టోపీతో సహా తడిమి పంపేవాడు.

సారు ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "రేపే ప్రారంభం. మీరు ఊరుకుంటే ఇలాగే ఉంచేద్దాం. మీకూ మంచిది, మాకూ మంచిది."

మిషను దగ్గర అన్న చెప్పిన మాట అప్పుడు అర్థమైంది ఆమెకి. అన్నకి తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

లాఠీ ఉంచెయ్యండి అనడానికే ఆమె నోరు తెరిచింది. ఎదురుగా పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి గోడ మీది మూడో పేరు వైపు చూస్తున్నాడు.

"నీ ఇష్టమమ్మా," అన్నాడు ఆ పేరుతోనే మాట్లాడుతున్నట్టు. "వాడు దెబ్బలకి పోలేదని చెప్పడానికి మిగిలింది నేనొక్కణ్నే. నాకూ ఎన్నాళ్లో లేవు."

ఆ చలికాలం ఆమెకి ఎనిమిదేళ్లు. మిల్లు మూతపడి వీధి వీధంతా పస్తులుంది. తాళాలమ్మ ఇంట్లో పస్తు లేదు. రోజూ సాయంత్రం అమ్మ ఆమెని జైలు గేటు దగ్గరికి పంపేది. అంట్లు తోమడానికి పొయ్యి బూడిద బకెట్‌తో తండ్రి ఇచ్చేవాడు. సెంట్రీ ఆమె బుగ్గ గిల్లి పొమ్మనేవాడు. బూడిదలో చెయ్యి పెట్టి యూనిఫారం పాడుచేసుకునే సెంట్రీ ఎక్కడుంటాడు? బకెట్ బరువుకి దారిలో ఎన్నిసార్లు చెయ్యి మార్చుకునేదో. బూడిద అంత బరువెందుకని ఆమె అడగలేదు. అమ్మ తలుపు వేసుకుని బకెట్ వంచేది. ఎందుకు తలుపు వేస్తున్నావనీ అడగలేదు. రాత్రి పళ్లెంలో పప్పు ఉండేది.

ఆమెకి తండ్రి మీద ఒళ్లు మండింది. అన్న మీద మండింది. బతికుండి వచ్చి ఈ మాట చెప్పిన ముసలాయన మీద కూడా మండింది. రేపటి నుంచి మనవరాలి పక్కన కూర్చునేవాళ్లు ఇంకా తగ్గుతారని తెలిసే, బొమ్మ దగ్గరికి వెళ్లి లాఠీ పట్టుకుని లాగింది. అది మరతో బిగించి ఉంది, రాలేదు.

"మేస్త్రీ, దీన్ని ఊడదీయి."

మేస్త్రి సారు వైపు చూశాడు.

"అటు చూస్తావేం, నీకు చెప్పేది నేను. ఊడదీసి చేతికి బకెట్ తగిలించు. పాతది, రేకుది. పైన బూడిద, అడుగున గుడ్డ మూట. మూట కొంచెం కనబడాలి."

"రేపటికల్లా ఎలా అవుతుందమ్మా?" అన్నాడు సారు. "అయినా ఇవన్నీ మీకెలా తెలుసు?"

"మోసింది నేను."

పెద్దాయన తల తిప్పి ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. ఏమైనా అంటాడని ఆమె నిలబడింది. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టడానికి ఆమెకి వీలుండేది.

"ఆ పలక కూడా మార్చండి," అంది సారుతో. "ఆకలికి పోయారని రాయించండి. ఎవరి మూలానో కూడా రాయించండి. ఈసారి పేరుతో." మళ్లీ మేస్త్రి వైపు తిరిగింది. "పక్కనే ఓ ఆడపిల్లని చెయ్యి. ఎనిమిదేళ్లది. బకెట్ అందుకుంటూ ఉండాలి. బుగ్గలు నిండుగా పెట్టు."

మేస్త్రి కుంచె పక్కన పెట్టాడు. "పిల్లకి మొహం ఎవరిది పెట్టమంటారు?"

"కళ్లు పోయాయా నీకు? ఎదురుగా నిలబడ్డాను కదా."